రెండు వలయముల సంధానము: నికెలు, విద్యుత్తుల కథ

విశాఖపట్టణమునుండి విజయనగరము పోవు రైలుదారిలో కొత్తవలస ఒక కూడలి. అక్కడ ఒక దారి విడిగా చీలి, అనంతగిరి కొండలెక్కి, అరకులోయ దాటి, కోరాపుట్టు, జయపురము, జగదల్పూరుల మీదుగా కిరండూలు చేరుచున్నది. బైలాడిల్లా కొండలలోని ఇనుపఖనిజమును విశాఖ రేవునకు దింపుటకై 1960ల దశకములో వేసిన దారి అది. అటువంటి కూడలిలో రైలు పనివారి నోట తరచుగా వినవచ్చు మాట 'కప్లింగు'. ఒక పెట్టెను మరియొక పెట్టెతో తగిలించుటకు వారు పెట్టుకొన్న పేరు అది. చిత్రమేమనగా, రసాయనశాస్త్రజ్ఞులు కూడ తమ పనులలో మిక్కిలి ముఖ్యమైన ఒకదానికి ఈ పేరే పెట్టుకొన్నారు. వారు తగిలించునవి బెంజీను వలయములు. ఆ తగిలింపును మేము ఈ ప్రసంగములో 'సంధానము' అని వ్యవహరించెదము.

రెండు బెంజీను వలయములు ఒకదానికొకటి తిన్నగా అంటుకొనియున్న పదార్థమునకు బైఫినైలు అని పేరు. ఈ పేరు వినని వారుండవచ్చును గాని, దానితో నిత్యసంబంధము కలవారు మన ఇండ్లలో కొల్లలుగా నున్నారు. రక్తపుపోటునకు వైద్యులు వ్రాసి ఇచ్చు లోసార్టాను, వాల్సార్టాను, టెల్మిసార్టాను మాత్రలు మూడింటిలోను నడుమ నున్నది ఈ జంటవలయమే. శ్రీకాకుళము జిల్లాలోని పైడిభీమవరము, విశాఖకు దక్షిణమున నున్న పరవాడ నేడు ఔషధ కర్మాగారములకు పేరుపడ్డ స్థలములు. అందుచేత ఈ ఉత్తరకోస్తా ప్రజలకు సంధానమనునది కేవలము గ్రంథస్థమైన విషయము కాదు. జంటవలయమును ఏ విధముగా కట్టుచున్నారను దానిమీద మాత్ర వెల ఆధారపడియున్నది. కర్మాగారము వెనుక మిగులు ఉప్పునీటిలో ఏ లోహము ఉండుననునదియు దానిమీదనే ఆధారపడియున్నది.

కనుక ఈ చరిత్రను మేము ఒక్క ప్రశ్నతో చదువదలచినాము. రెండు వలయముల నడుమ ఒక బంధము కట్టుటకు మనుష్యుడు ఏ కాలమున దేనిని వ్యయపరచినాడు?

ప్రకృతి ఈ పనిని మనకంటె ఎంతో ముందు నేర్చినది. మన్యపు గిరిజనులు అడవినుండి ఏరి సంతలకు తెచ్చు కరక్కాయలోని వగరు పదార్థములను విడదీసినచో ఎల్లాజిక ఆమ్లము లభించును. అందులో రెండు బెంజీను వలయములు కార్బనుకు కార్బను పట్టుకొని యున్నవి. ప్రత్తిగింజలోని గాసిపాలు అను పచ్చని విషపదార్థము కూడ అటువంటి జంటయే. ప్రత్తిగింజల నూనెను శుద్ధిచేయక వంటకు వాడరాదనుటకు కారణము అదే. అయితే మొక్కలు అనుసరించు మార్గము ఆక్సీకరణము. అనగా, వలయములనుండి ఎలక్ట్రానులను లాగివేసి వాటిని కలుపుట. మనుష్యుడు పట్టిన దారి దీనికి సరిగా ఎదురుది. అతడు వలయమునకు ముందుగా ఒక క్లోరినునో, బ్రోమినునో, అయొడినునో తగిలించి, పిదప ఎలక్ట్రానులను ఇచ్చి ఆ హేలోజనును ఊడగొట్టి, ఖాళీయైన చోటులను జతపరచును. హేలోజను తగిలిన ఈ వలయములకే ఆరైల్ హేలైడులని పేరు.

ఎదురుదారి ఎందుకు పట్టవలె నని శ్రోతలు అడుగవచ్చును. వలయముమీద ఆరు మూలలున్నవి. ఆక్సీకరణములో ఏ మూల ఏ మూలతో కలియునో చెప్పుట కష్టము. హేలోజనును ఒక మూలకు తగిలించి యుంచినచో బంధము ఆ మూలనే పడును. హేలోజను ఇక్కడ గురుతువంటిది. ఔషధమునకు ఈ కచ్చితము లేనిదే పని జరుగదు.

చిక్కు ఏమనగా, ఈ గురుతు సులభముగా ఊడదు. మద్యసారమునుండి చేయు బ్రోమైడులను క్షారముతో కాచిన చాలును, బ్రోమిను విడిపోవును. వలయము నంటిన బ్రోమిను అట్లు కదలదు. దానిని కదలించుటకు మొదట ప్రయోగించినది సోడియము. ఫ్రాన్సుదేశీయుడగు వూర్ట్స్ 1855లో సాధారణ హేలైడులపై సోడియమును ప్రయోగించి చూపినాడు. 1860ల దశకములో జర్మనీలో ఫిట్టిగ్ ఆ పద్ధతిని వలయములకు వర్తింపజేసినాడు. సోడియము నీటిచుక్క తగిలిన మండును. వలయముమీద మరి యే ఇతర భాగమున్నను అది కాల్చివేయును. జంట దొరకినది గాని అది పనికివచ్చు జంట కాదు.

1901లో ఫ్రిట్స్ ఉల్మాన్ అను రసాయనజ్ఞుడు జినీవాలో సోడియమునకు మారుగా రాగిపొడిని వాడినాడు. ఆరైల్ హేలైడును రాగిపొడితో కలిపి 200 సెంటీగ్రేడు డిగ్రీలకు అటునిటుగా కాచినచో వలయములు జతకూడును. ఉల్మాన్ చర్య అని దీనికి శాశ్వతమైన పేరు వచ్చినది. ఐదేండ్లకు, 1906లో, ఇర్మా గోల్డ్‌బెర్గ్ అను విదుషి అదే రాగి సాయమున వలయమునకు నైట్రోజనును తగిలించుట కనుగొన్నది. తరువాత ఆమె ఉల్మాన్‌ను వివాహమాడినది. వెనుకటి పాఠ్యపుస్తకములు భర్త పేరును చెప్పినంత బిగ్గరగా ఆమె పేరును చెప్పలేదు. ఆమె చర్యయే నేటి ఔషధపరిశ్రమకు మరింత అక్కరకు వచ్చినదని మా అభిప్రాయము.

ఉల్మాన్ పద్ధతిలో ఒక జంటకు రెండు రాగి పరమాణువులు ఖర్చగును. లెక్క వేసినచో ఒక కిలో బైఫినైలునకు ఎంత తగ్గినను 824 గ్రాముల రాగి చెల్లును. ఆచరణలో ఇంకను ఎక్కువ వేయవలసి వచ్చును. ఆ రాగి అంతయు ఉప్పుగా మారి పాత్ర అడుగున మిగులును. చేసిన వస్తువునకు ఇంచుమించు సమానమైన బరువుగల చెత్త.

అయినను అర్ధశతాబ్దికి పైగా ప్రపంచములోని ప్రయోగశాలలు ఈ రాగిపొడినే నమ్ముకొన్నవి. మన వాల్తేరుకు కూడ ఈ కథతో ఒక చుట్టరికమున్నది. కొత్తవలసనుండి కొండలెక్కు దారిలోని జయపురమునకు ప్రభువైన విక్రమదేవవర్మగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయల చొప్పున దానము చేసినారు. అక్కడి శాస్త్ర సాంకేతిక కళాశాలకు వారి పేరే పెట్టినారు. ఆ విశ్వవిద్యాలయమున తిరువేంగడం రాజేంద్ర శేషాద్రిగారు 1930ల దశకము నడుమనుండి 1949 వరకు రసాయనశాస్త్రశాఖను నడిపినారు. మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ వద్ద విద్య నేర్చివచ్చినవారు వారు. ప్రత్తిపూవుల పసుపురంగు పదార్థములపై పరిశోధన వాల్తేరులో జరిగినది. యుద్ధకాలమున విశ్వవిద్యాలయము గుంటూరుకు తరలిపోయినను ఆ పని ఆగలేదు. పిమ్మట వారు ఢిల్లీకి పోయి, అక్కడ శిష్యులతో కలిసి చెట్లలోని ద్వంద్వ ఫ్లేవోనులను కూడ పరిశోధించినారు. రెండు ఫ్లేవోనులు వలయముతో వలయము పట్టుకొని యేర్పడినవి ఇవి. వీటిని ప్రయోగశాలలో నిర్మింపదలచిన ఆనాటి వారికి ఉల్మాన్ రాగిపొడి తప్ప వేరు దిక్కులేదు. దిగుబడి స్వల్పము, వేడి అధికము. అయినను ప్రకృతి చేసిన దానిని తిరిగి చేసి చూపుటకు అది చాలినది. టన్నులకొలది మందులు చేయుటకు మాత్రము చాలదు.

ఇక నికెలు. ఈ లోహమునకు పేరు పెట్టినది నిందతోనే. జర్మనీ గనుల పనివారికి రాగివలె కనబడు ఒక ఖనిజము దొరకెడిది. ఎంత కాచినను రాగి రాకపోవుటచే, గనిలోని కొంటె పిశాచము మోసగించుచున్నదని తలచి దానికి ఆ పిశాచము పేరు పెట్టినారు. 1751లో స్వీడనుదేశపు క్రోన్‌స్టెట్ అందులోనుండి కొత్త లోహమును తీసి, ఆ పేరులో సగమును దానికే ఉంచినాడు. 1890లో లుడ్విగ్ మాండ్ తన సహచరులతో కలిసి, నికెలు బొగ్గుపులుసు వాయువుకంటె ఒక ఆక్సిజను తక్కువైన కార్బను మోనాక్సైడుతో కలిసి ద్రవముగా, ఆవిరిగా మారుట చూపినాడు. గట్టి లోహము ఆవిరియై ఎగురుట అప్పటివారికి వింత. 1897లో పాల్ సబాటియే నికెలుపొడి సాయమున హైడ్రోజనును కర్బనపదార్థములకు ఎక్కింపవచ్చునని కనుగొన్నాడు. అందుకు 1912లో నోబెలు బహుమానము పొందినాడు. నూనెలను గడ్డకట్టించు పద్ధతి ఆ మొక్కకు కాసిన కాయయే. 1937నుండి మన వంటయిండ్లలో చొరబడిన డాల్డా డబ్బా వెనుక నున్నది నికెలు.

1953లో జర్మనీలోని మ్యుల్హైములో కార్ల్ జీగ్లర్ ప్రయోగశాలలో ఒక చర్య దారితప్పినది. కారణము వెదుకగా పాత్రలో మిగిలియున్న నికెలు లేశమని తేలినది. ఒక లోహము ఇంత అల్లరి చేసినప్పుడు ఇతర లోహములు ఏమి చేయునో చూతమని వారు పూనుకొనుటచేతనే నేటి పాలిథీను పుట్టినది. ఈ సంఘటన పిమ్మట నికెలుతో కర్బనబంధములను నేర్పుగా కట్టు విద్య త్వరగా పెరిగినది. 1971లో అమెరికాలో సెమ్మెల్‌హాక్ బృందము, ఏ ఆవేశమును లేని స్థితిలో నున్న నికెలుతో, అనగా ఎలక్ట్రానులను ఏమియు పోగొట్టుకొనని నికెలుతో చేసిన ఒక సంకీర్ణమును ఆరైల్ హేలైడులతో కలిపి, సామాన్యమైన వేడిలోనే జంటవలయములను రాబట్టినది. రాగి 200 డిగ్రీలవద్ద చేసిన పనిని నికెలు గోరువెచ్చని పాత్రలో చేసినది. అయితే ఒక్కొక్క జంటకు ఒక్కొక్క నికెలు సంకీర్ణము చెల్లవలెను. పైగా అది గాలి తగిలిన చెడిపోవు వస్తువు. రాగిపొడి పోయి అంతకంటె ఖరీదైన పొడి వచ్చిన ట్లయినది.

మరుసటి యేట, 1972లో, జపానులోని క్యోటోలో కుమాడా, టమావోలును, ఫ్రాన్సులోని మోంపెల్యేలో కొర్రియూయు ఎవరి దారిని వారు ఒకే విషయము ప్రకటించినారు. నికెలు లేశమాత్రమే చాలును, అది ఉత్ప్రేరకముగా పదేపదే పనిచేయును. అయితే రెండు వలయములలో ఒకదానిని ముందుగా మెగ్నీషియముతో కలిపి గ్రీన్యార్ కారకముగా మార్చుకొనవలెను. ఈ కారకమునకు తేమ పనికిరాదు. ఔషధములలో తరచుగా నుండు అనేక భాగములను అది తినివేయును. నేటికిని గ్రీన్యార్ పాత్ర అదుపుతప్పి పొంగుట కర్మాగారములవారు మిక్కిలి భయపడు ప్రమాదములలో ఒకటి.

ఇక్కడ చరిత్ర ఒక మలుపు తిరిగినది. ఇదే కాలమున పల్లాడియము రంగమునకు వచ్చినది. జపానులో మిజొరొకి, అమెరికాలో హెక్, తరువాత నెగిషి, సుజుకి, స్టిల్లె మొదలైనవారు పల్లాడియముతో చేసిన సంధానములు చెప్పినమాట వినునట్టివి, పెక్కింట తేమకు బెదరనట్టివి, దాదాపు ఏ భాగమును చెడగొట్టనట్టివి. 1979లో వెలువడిన సుజుకి చర్య ఔషధపరిశ్రమను ఆక్రమించినది. లోసార్టానును చేయుటకు 1994లో ప్రకటించిన ప్రసిద్ధమార్గములో జంటవలయమును కట్టినది అదే. 2010లో హెక్, నెగిషి, సుజుకిలకు నోబెలు బహుమానము లభించినది. కుమాడా అంతకు మూడేండ్లముందు మరణించినాడు. స్టిల్లె 1989లోనే విమానప్రమాదములో మృతిచెందినాడు. ఆ బహుమానము ముగ్గురికి మించి ఈయరు, మరణించినవారికి ఈయరు. నిబంధనలు నిబంధనలే. కాని లేశమాత్రపు లోహముతో వలయములను సంధించు విద్యలో నికెలు చేసిన తొలిపనిని ఆనాటి పత్రికల సందడిలో తలచుకొన్నవారు తక్కువ.

పల్లాడియము నికెలుకంటె వేయి రెట్లకు పైగా ప్రియము. దీనిని ఎట్లు పొదుపు చేయవలె నను ప్రశ్నకు మన తెలుగుగడ్డమీదనే ఒక సమాధానము వచ్చినది. హైదరాబాదులో 1944లో వెలసి, 1956లో కేంద్ర వైజ్ఞానిక పారిశ్రామిక పరిశోధన మండలి క్రిందికి వచ్చి, 1989నుండి భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా పేరొందిన ప్రయోగశాలలో బి. ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం గార్లును వారి సహచరులును, బంకమన్నువలె పొరలుపొరలుగా నుండు ఒక ఘనపదార్థముమీద పల్లాడియపు సూక్ష్మకణములను కూర్చోబెట్టినారు. చౌకగా దొరకు, మొండిగా నుండు క్లోరోబెంజీనులను సైతము అది సంధించినది. పని ముగిసిన పిదప వడగట్టి మరల వాడవచ్చును. 2002లో అమెరికను రసాయనసంఘపు పత్రికలో ఈ పరిశోధన వెలువడినది. ఖరీదైన లోహమును పోగొట్టుకొనక నిలుపుకొనుట వీరి మార్గము. ఖరీదైన లోహమే లేకుండ చేసికొనుట రెండవ మార్గము. అది విద్యుత్తు దారి.

విద్యుత్తు అనగానే కొత్తవలస ప్రాంతమువారికి ఫెర్రోక్రోము కొలుములు, గరివిడివారికి 1950ల దశకమున వెలసిన ఫెర్రోమాంగనీసు కర్మాగారము స్ఫురించును. ఆ కొలుములలో విద్యుత్తు చేయు ముఖ్యమైన పని వేడి పుట్టించుట. ఖనిజమునుండి ఆక్సిజనును లాగివేయునది విద్యుత్తు కాదు, కోకుబొగ్గు. విశాఖలో 1977లో పని మొదలుపెట్టి, ఇప్పుడు మూతపడిన జింకు కర్మాగారములో విద్యుత్తు చేసిన పని వేరు. అక్కడ ఎలక్ట్రానులు తామే ద్రావణములోని జింకు అయానులను చేరి లోహముగా మార్చినవి. మొదటిచోట విద్యుత్తు వంటచెరకు, రెండవచోట విద్యుత్తే సరకు. మేము చెప్పబోవు సంధానము ఈ రెండవ తెగకు చెందినది.

కర్బనపదార్థములపై విద్యుత్తును ప్రయోగించుట క్రొత్తది కాదు. ఫారడే చూచిన దానిని విస్తరించి 1849లో కోల్బె ఆమ్లలవణముల ద్రావణములో విద్యుత్తును పంపి కార్బనుకు కార్బనును జతపరచినాడు. అమెరికాలో బెయిజర్ కనుగొన్న పద్ధతిని 1965లో ఒక పెద్ద సంస్థ నైలాను ముడిసరకు చేయుటకు కర్మాగారముగా నెలకొల్పినది. మన దేశమున అళగప్ప చెట్టియారుగారు ఇచ్చిన 300 ఎకరముల భూమితో, 15 లక్షల రూపాయల విరాళముతో కారైక్కుడిలో ఏర్పడిన కేంద్ర విద్యుద్రసాయన పరిశోధన సంస్థ 1953నుండి పనిచేయుచున్నది. అక్కడ ఉడుపాగారి నాయకత్వమున గిరగిర తిరుగు ఋణధ్రువములతో కర్బనపదార్థములు చేయు పద్ధతులు రూపొందినవి. విద్య మనకు కొత్త కాదనుటకే ఈ ప్రస్తావన.

నికెలును, విద్యుత్తును, ఆరైల్ హేలైడును ఒకే పాత్రలో కలుపు ఆలోచన 1970ల దశకములో పుట్టినది. 1976లో అమెరికాలో జెన్నింగ్స్ బృందము, ఆ దశకాంతమున ఫ్రాన్సులో ట్రుపెల్, పెరిషోన్ బృందము, 1980లో జపానులో మొరి, బాన్‌లు దీనిపై ప్రకటించినారు. ఆలోచన సరళమైనది. గాలి తగిలిన చెడు నికెలు సంకీర్ణమును సీసాలో దాచి తెచ్చుకొనుట యెందుకు? గాలిలో చెడని సామాన్య నికెలు లవణమును పాత్రలో వేసి, ఋణధ్రువమువద్ద ఎలక్ట్రానులను అందించినచో ఆ చురుకైన నికెలు అక్కడికక్కడే పుట్టును.

పుట్టిన నికెలు ఏమి చేయును? మొదట ఒక ఆరైల్ హేలైడును సమీపించి, వలయమునకును హేలోజనునకును నడుమ దూరి, రెంటిని రెండు చేతులతో పట్టుకొనును. ఋణధ్రువమునుండి మరియొక ఎలక్ట్రాను పుచ్చుకొని, హేలోజనును వదలి, రెండవ హేలైడును పట్టును. ఇప్పుడు దానిమీద వలయములు రెండున్నవి. అంత బరువు మోయలేక రెండు వలయములను ఒకదానికొకటి తగిలించి జారవిడుచును. మిగిలిన నికెలు ఇంకొక ఎలక్ట్రానుతో మొదటి స్థితికి వచ్చి, క్రొత్త హేలైడుకొరకు పోవును. షంటింగు ఇంజను ఒక పెట్టెను తెచ్చి, మరియొక పెట్టెతో తగిలించి, తాను విడివడి మూడవదానికై పోవుట ఇటువంటిదే. తలమీది తీగనుండి ఇంజనుకు వచ్చు విద్యుత్తు ఇక్కడి ఋణధ్రువపు విద్యుత్తు. ఉపమానమును ఇంతకు మించి సాగదీయరాదు. ఈ వరుసను పారిస్‌లో అమతోర్, జుతాన్‌లు 1988లో వేగములను కొలిచి స్థాపించినారు. నికెలు ఒక్కొక్క ఎలక్ట్రాను చొప్పున మెట్లు ఎక్కి దిగగలదు. పల్లాడియము ఎక్కువగా రెండేసి మెట్లు దాటును. పల్లాడియముతో సాధ్యముకాని కొన్ని పనులు నికెలుకు లొంగుటకు ఇదియొక కారణము.

ధనధ్రువము మాట మిగిలినది. ఋణధ్రువమువద్ద ఎలక్ట్రానులను ఇచ్చినంత మేర ధనధ్రువమువద్ద ఎవరో ఒకరు ఎలక్ట్రానులను పోగొట్టుకొనవలెను. ఊరకున్నచో ఊడివచ్చిన బ్రోమైడే అక్కడ బ్రోమినుగా మారి పాత్రనంతటిని పాడుచేయును. అందుచే నడుమ ఒక పొరను అడ్డుపెట్టి పాత్రను రెండుగా విభజించెడివారు. పొర మూసికొనిపోవును, ఖర్చు పెరుగును, కర్మాగారమువాడు దండము పెట్టును. 1980ల దశకములో పారిస్ సమీపములోని తియేలో పెరిషోన్, నెడెలెక్, ట్రుపెల్, సిబిల్ మొదలైనవారు ఈ ముడిని విప్పినారు. ధనధ్రువమునకు మెగ్నీషియము, అల్యూమినియము, జింకు కడ్డీలను వాడినారు. హేలైడుకు మారుగా ఆ కడ్డీయే కరగును. అడ్డుపొర అక్కరలేదు. ఒక గాజుపాత్ర, ఒక కడ్డీ, దానిచుట్టు లోహపు జాలి, లేశమాత్రము నికెలు చాలినవి. కరగు కడ్డీని వారు బలిధ్రువమన్నారు.

ఇప్పుడు లెక్క చూతము. ఒక కిలో బైఫినైలుకు, నష్టమేమియు లేదనుకొన్నచో, ఇంచుమించు 350 ఆంపియరు-గంటల విద్యుత్తు కావలెను. పాత్రకు 3 వోల్టులు అనుకొన్నచో అది ఒక్క యూనిటు! జింకు కడ్డీ యైనచో 424 గ్రాములు, మెగ్నీషియమైనచో 158 గ్రాములు కరగును. ఉల్మాన్‌కు కావలసిన 824 గ్రాముల రాగితో పోల్చుకొనవలెను. ఇంకొక లాభమున్నది. మీట నొక్కినచో చర్య ఆగును. పొంగుచున్న గ్రీన్యార్ పాత్రకు అటువంటి మీట లేదు.

ఇంత బాగున్న పద్ధతి ఇరువది యేండ్లు ఎందుకు నిద్రించినది? శాస్త్రపు తప్పు కాదని మా ఊహ. ఔషధములు కట్టు రసాయనజ్ఞుని బల్లమీద గాజుకుప్పెలున్నవి గాని విద్యుత్తును కొలిచి పంపు యంత్రము లేదు. విద్యుద్రసాయనజ్ఞుని వద్ద యంత్రమున్నది గాని అతనికి మందుల అక్కర తెలియదు. ఇరువురు వేరువేరు గదులలో, వేరువేరు పత్రికలలో మాటాడుకొన్నారు. పల్లాడియము సీసామూత తీసి వేసిన పనిచేయును. ఆ సుఖము ముందు తీగలు తగిలించుకొను శ్రమ ఎవనికి కావలెను?

తిరిగి మేలుకొలుపు 2010 ప్రాంతమున వచ్చినది. ఆ యేట అమెరికాలో వీక్స్ బృందము నికెలు సాయమున, గ్రీన్యార్ కారకము లేకుండ, ఒక ఆరైల్ హేలైడును సామాన్య హేలైడుతో నేరుగా జతపరచినది. రెండును హేలైడులే యైనప్పుడు ఏది దేనితో కలియునో అను పాత భయమును ఇది తగ్గించినది. 2017లో బారన్ బృందము నికెలు, విద్యుత్తులతో వలయమునకు నైట్రోజనును తగిలించినది. అనగా, ఇర్మా గోల్డ్‌బెర్గ్ 1906లో రాగితో చేసిన పనికి క్రొత్త దారి. అదే యేట కుప్పెలు వాడువారికి సైతము చేతికందునట్టి చిన్న విద్యుద్యంత్రము ఒకటి విపణికి వచ్చినది. గదుల నడుమ గోడ కొంత కూలినది.

ఇంతమాత్రముచేత వ్యయము సున్నయైనదని శ్రోతలు భావింపరాదు. బ్రోమోబెంజీనుతో మొదలుపెట్టినచో ఒక కిలో బైఫినైలుకు ఒక కిలోకు పైగా బ్రోమిను ఉప్పుగా మిగులును. ఏ లోహము వాడినను ఈ లెక్క మారదు. దానిని తిరిగి రాబట్టవలెను, లేదా నీటిలో కలియనీయక నిలుపవలెను. ఈ ఉప్పుబరువు తగ్గవలెనన్నచో తేలికయైన క్లోరైడులతో పని నడువవలెను, ఆ క్లోరైడులను పట్టుటలో నికెలు దిట్ట. ద్రావణిగా తరచుగా వాడు డైమిథైల్ ఫార్మమైడు కాలేయమునకు హాని చేయును. నికెలు చౌకయే గాని నిరపాయకరము కాదు. నోటిద్వారా పుచ్చుకొను మందులలో దినమొకటికి పల్లాడియము 100 మైక్రోగ్రాములకు, నికెలు 200 మైక్రోగ్రాములకు కొంచెము అటునిటుగా మించరాదని అంతర్జాతీయ నియమము. రక్తపుపోటు మాత్ర ఒకనాటితో పోవునది కాదు, సంవత్సరములకొలది మ్రింగవలసినది. చివరి మైక్రోగ్రామువరకు లోహమును కడిగివేయు పని, సంధానము చేయు పనికంటె కొన్నిచోట్ల కష్టమైనది.

మిగిలిన పెద్దచిక్కు బలిధ్రువము. ప్రయోగశాలలో ఒక కడ్డీ కరగుట ఏపాటి? టన్నులకొలది సరకు చేయునప్పుడు టన్నులకొలది జింకు కరగును, ఆ జింకు లవణములను మరల విడదీయవలెను. అందుచే ఇప్పటి పరిశోధకులు కడ్డీకి మారుగా, ధనధ్రువమువద్ద తామే ఆక్సీకరణము చెందు చౌకయైన ఎమీనులను పాత్రలో కలిపి చూచుచున్నారు. మరికొందరు పాత అడ్డుపొరనే క్రొత్త పదార్థములతో చేసి, పాత్రలో నిలువయుంచుటకు మారుగా ద్రావణమును ధ్రువముల నడుమ సన్నని సందులలో ప్రవహింపజేయుచున్నారు. సందు సన్ననిదైన కొలది వోల్టులు తగ్గును, విద్యుత్తును మోయుటకై కలుపు లవణము కూడ తగ్గును. విశాఖ జింకు కర్మాగారమువారు తమ తొట్లలో ధ్రువముల ఎడము విషయమున తలపెట్టవలసి వచ్చిన లెక్కయు ఇటువంటిదే. ఆ తొట్లలో నీరు, ఈ పాత్రలలో కర్బనద్రావణి.